పసిపాదములు - పాదరక్షలు



జూన్ మాసమున బడులు తెఱచు దినములలో మా చంద్రగిరి వీథియందు నిలిచి చూచితిమేని, వీపున పుస్తకముల సంచియు, కాళ్లకు నల్లని బూట్లును గల బిడ్డలు బారులుగా పోవుచుందురు. మా బాల్యమున ఈ వీథిలోనే మాలో పలువురము వట్టికాళ్లతో బడికి పోయితిమి. కాలము మాఱినది. 2020వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన మన రాష్ట్రమున విద్యాకానుక పథకము మొదలై, ప్రభుత్వపాఠశాలల బిడ్డలకు పుస్తకములతోపాటు బూట్లును, మేజోళ్లును ఈయబడెను. 2024లో ఆ పథకమునకు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర యని పేరు మాఱినది. ఒకనాడు బిడ్డకు చెప్పు లున్నవా యని యడిగెడివారము. నేడు ఆ చెప్పులు బిడ్డకు సరిపోవుచున్నవా యని యడుగవలసి యున్నది.

పోయిన యేటి సంగతి యొకటి చెప్పెదను. అపరాధము నాదే గావున దాచ నక్కఱలేదు. ఆఱేండ్ల నా మనుమనికి బూట్లు కొనుటకు తిరుపతికి పోయితిని. వానిని వెంట గొనిపోలేదు. పాత జోడును జానతో కొలిచికొని, ఆ కొలతకే క్రొత్త జత తెచ్చితిని. ఆ పాత జోడే వానికి చాలనిదై యున్నదని నాకు తోచలేదు. మొదటి దినమున వాడు కుంటుచు నడచెను. “క్రొత్తచెప్పు కఱచును, నాలుగు దినములు తొడిగిన మెత్తబడును” అంటిని. వాడు మరల నోరెత్తలేదు. మూడు వారముల తరువాత స్నానము చేయించుచు చూతును గదా, రెండు బొటనవ్రేళ్ల గోళ్లును నల్లబడి యున్నవి. ఏల చెప్పలేదురా యని యడిగితిని. “నాలుగు దినాలకు మెత్తబడతాయని నువ్వే చెప్తివి గదా తాతా!” అనెను. ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆనాడు ఆ పసివాడు పాఠము చెప్పెను.

బిడ్డలు చెప్పకపోవుటకు భయ మొక్కటియే కారణము గాదు. పెద్దవారి పాదమున 26 ఎముకలు కలవు. పసిబిడ్డ పాదమున వీనిలో పెక్కు ఇంకను మృదులాస్థిగా, అనగా చెవిదొప్పలోపలి మెత్తని పదార్థము వంటిదిగా నుండును. పాదము నడుమ నావయాకారమున నుండు చిన్న యెముక రెండు మూడేండ్ల ప్రాయమున గాని గట్టిపడ నారంభింపదు. పాదము పూర్తిగా గట్టిపడుటకు పదునేడు, పదునెనిమిదేండ్లు పట్టును. ఇట్టి లేతపాదము ఇఱుకుజోటిలో బడినప్పుడు పెద్దవారి పాదమువలె ఎదిరింపదు, లొంగిపోవును. వ్రేళ్లు ముడుచుకొని యొదిగి యుండును. నొప్పి తెలియునప్పటికే కీడు కొంత జరిగి యుండును.

అట్లయిన చెప్పులే మానివేయుద మందురా? అదియు సరి గాదు. చరకసంహిత సూత్రస్థానము అయిదవ యధ్యాయమున దినచర్యలో పాదరక్షాధారణమును చేర్చియున్నారు. మన పొలముగట్లమీది పల్లేరుకాయలు, తుమ్మముండ్లు, వేసవిలో కాలిన నేల అందఱకు తెలిసినవే. తెలియని శత్రు వొకటి కలదు. మలముచే చెడిన తేమనేలయందు కొంకిపురుగుల పిల్లలు పెరిగి, వట్టికాళ్ల చర్మమును తొలిచికొని దేహమున ప్రవేశించి, తుదకు ప్రేగులలో నిలిచి రక్తము పీల్చును. బిడ్డ పాలిపోవును. కావున వెలుపల నడచునపుడు చెప్పులు వలయును. ఇంటిలోను, శుభ్రమైన ముంగిటను వట్టికాళ్లతో తిరుగనిండు. ఇంకను నడక రాని శిశువునకు బూట్లతో పనియే లేదు.

ఈ మాటకు మంచి సాక్ష్య మొకటి కలదు. పొరుగున కర్ణాటకమందలి మణిపాలు వైద్యులు 4 మొదలు 13 ఏండ్ల వఱకు వయస్సుగల సుమారు 2300 మంది బిడ్డల పాదములను పరీక్షించి, 1992లో ఫలితములను ప్రకటించిరి. చెప్పులు తొడుగువారిలో నూటికి 8.6 మందికిని, తొడుగనివారిలో 2.8 మందికిని చదునుపాదము లుండెను. మూసిన బూట్లు తొడుగువారియందు ఆ లోపము హెచ్చుగాను, తెఱపిగల చెప్పులు తొడుగువారియందు అంతకు తక్కువగాను కనబడెను. అయితే అయిదాఱేండ్లలోపు బిడ్డకు పాదము చదునుగా నుండుట సహజము. దానికి బెదర వలదు.

ఇక కొలత. వెనుకటి దినములలో చెప్పులు కుట్టు పనివారు కాలిని తోలుపై నిలిపించి, చుట్టును గీత గీచి కోసెడివారు. చెప్పే పాదమును వెదకికొని వచ్చెడిది. నేడు యంత్రము చేసిన జోళ్లలో మన పాదమునకు తగినదానిని మనమే వెదకవలసి యున్నది. ఆ జోళ్లపై నుండు నంబరుకు మూలము ఇంగ్లీషువారి యవగింజ. ఒక నంబరు పెరిగిన అంగుళములో మూడవ వంతు, అనగా సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగును. యవగింజతో కొలుచుట మన శాస్త్రములందును కలదు. ఎనిమిది యవల మధ్యభాగములు చేరిన ఒక అంగుళ మనిరి. కాని యొక్కొక్క కంపెనీ నంబరు ఒక్కొక్క తీరున నుండుటచే, దానినే నమ్మరాదు.

సాయంకాలము పాదములు కొంచెము ఉబ్బి యుండును. ఆ వేళ బిడ్డను కాగితముపై, మడమ గోడకు తగులునట్లు నిలువబెట్టుడు. కూర్చుండబెట్టి కొలువరాదు, నిలిచినపుడే పాదము పూర్తిగా సాగును. అన్నిటికంటె పొడుగైన వ్రేలి కొనకు గుర్తు పెట్టుడు. కొందఱకు రెండవ వ్రేలే పొడుగు. రెండు పాదములును కొలిచి, పెద్దదానిని గ్రహింపుడు. ఆ పొడవునకు చిటికెనవ్రేలి వెడల్పు చేర్చి ఒక ఈనెపుల్లను త్రుంచుడు. అంగడిలో ఆ పుల్లను జోటిలోపల పెట్టినపుడు వంగినచో జోడు చిన్నది. అటునిటు జాఱాడినచో పెద్దది. మడమను, ముందుకొనను తాకి తిన్నగా నిలిచిన పొడవు కుదిరినట్లు. పుల్ల వెడల్పును చెప్పదు గనుక బిడ్డను గొనిపోవుటయే ఉత్తమము. మేజోళ్లతో రెండు కాళ్లకును తొడిగి నడిపించి చూడుడు. మడమ జాఱరాదు, ప్రక్కలు ఒత్తరాదు. అట్ట వ్రేళ్ల మొదట సులువుగా వంగవలయును, నడుమ మడతపడరాదు. పాదమును పట్టియుంచుటకు పట్టీయో త్రాడో ఉండవలయును.

రెండేండ్లు వచ్చునని రెండు నంబర్లు పెద్దవి కొనువారు కలరు. అట్టి జోటిలో పాదము ముందునకు జాఱి, బిడ్డ తొట్రుపడి పడును. అన్న జోడును తమ్మునికి తొడుగుటయు ఇట్టిదే. ఒకరి పాదమున కరిగిన అట్ట మఱియొకరికి అమరదు. భరతుడంతవాడు అన్న పాదుకలను తలపై మోసెనే గాని కాళ్లకు తొడుగుకొనలేదు! డబ్బు తక్కువయైనచో తక్కువ వెలకే, సరిపడు చెప్పులు కొనుడు. మూడేండ్లలోపు బిడ్డకు రెండు మూడు నెలల కొకసారియు, ఆఱేండ్లవఱకు నాలుగు నెలల కొకసారియు, ఆ పిమ్మట ఆఱునెలల కొకసారియు కొలత చూడుడు. బడిలో కొలత లడిగినపుడు అంకె ఊహించి చెప్పక, కొలిచి చెప్పుడు. కొలత సరియైనను బిడ్డ కుంటుచున్నను, నొప్పి మానకున్నను వైద్యునికి చూపుడు. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి ఎముకల చికిత్సకే యేర్పడినది.

అలిపిరి పాదాల మండపమున స్వామివారి పాదరక్షలను శిరస్సున మోసి మనము ప్రదక్షిణము చేయుచున్నాము. ఆ శ్రద్ధలో ఇసుమంత మన యింటి పసిపాదములపైనను ఉంచుదము. ఈ సాయంకాలమే మీ మనుమని బూట్లు విప్పించి, వ్రేళ్ల నొకసారి చూడుడు. వాడు చెప్పునని మాత్రము వేచియుండకుడు. సెలవు.