మధుమేహం: వారసత్వం ఎంత? అలవాటు ఎంత?

తల్లికో తండ్రికో మధుమేహం ఉన్న కుటుంబాల్లో ఆ వ్యాధి తమకూ రాక తప్పదన్న నమ్మకం బలంగా ఉంటుంది; ఆ నమ్మకం కొందరిని భయంతో రక్తపరీక్షకు దూరం చేస్తే, మరికొందరిని ఎలాగూ వచ్చేదే కదా అన్న నిర్లక్ష్యంలోకి నెడుతుంది. వారసత్వపు ప్రభావం కాదనలేనిదే. తల్లిదండ్రుల్లో ఒకరికి రెండో రకం మధుమేహం ఉంటే సంతానానికి జీవితకాలంలో అది వచ్చే అవకాశం సుమారు 40 శాతమనీ, ఇద్దరికీ ఉంటే 70 శాతం దాకా ఉండవచ్చుననీ వైద్యుల అంచనా. అయితే ఆ ప్రభావం ఏ దారిన పనిచేస్తుందో తెలుసుకుంటే, మనిషి మార్చుకోగలిగిన భాగం ఎంత పెద్దదో అర్థమవుతుంది.

రక్తంలోని గ్లూకోజు కణాల్లోకి చేరడానికి క్లోమగ్రంథిలోని బీటా కణాలు స్రవించే ఇన్సులిన్ అవసరం. కండరాలు, కాలేయం ఈ హార్మోనుకు సరిగా స్పందించని స్థితిని ఇన్సులిన్ నిరోధకత అంటారు. ఆ లోటు పూడ్చడానికి క్లోమం అంతకంతకూ ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తూ పోయి, చివరికి ఆ శ్రమకు తాళలేకపోయినప్పుడు రక్తంలో చక్కెర పెరిగి రెండో రకం మధుమేహంగా బయటపడుతుంది. దీనికి ఏ ఒక్క జన్యువో కారణం కాదు, స్వల్ప ప్రభావం గల వందలాది జన్యుభేదాలు కలిసి పనిచేస్తాయి. వాటిలో బలమైనదిగా 2006లో గుర్తించిన టీసీఎఫ్7ఎల్2 జన్యుభేదం కూడా, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సంక్రమించినప్పుడు, ముప్పును సుమారు 40 శాతం మాత్రమే పెంచుతుంది. ఇలాంటి భేదాల్లో అనేకం బీటా కణాల శక్తికి సంబంధించినవి కనుక, క్లోమం ఎంత భారం మోయగలదన్నది చాలావరకు వంశం నుంచి వస్తుందనీ, దానిమీద ఎంత భారం పడాలన్నది తిండి, బరువు, శ్రమ నిర్ణయిస్తాయనీ చెప్పవచ్చు.

ఈ రెంటినీ విడదీసి చూపే ఉదాహరణ పీమా జాతి. అమెరికాలోని అరిజోనాలో గీలా నది కాలువల కింద సేద్యం చేసుకుని బతికిన ఈ ఆదివాసుల నీటిని పంతొమ్మిదో శతాబ్దం చివరిలో ఎగువన స్థిరపడినవారు మళ్లించుకోవడంతో పొలాలు బీడుపడి, క్రమంగా మైదా, పందికొవ్వు, చక్కెర వంటివి వారి ఆహారమయ్యాయి. అదే మూలానికి చెందిన మరో శాఖ మెక్సికో కొండల్లోని మైకోబా ప్రాంతంలో మొక్కజొన్న, చిక్కుడు జాతి గింజలు తింటూ, ఒళ్లు వంచి పనిచేస్తూ జీవించింది. 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం అరిజోనా పీమాల్లో 38 శాతం మందికి మధుమేహం ఉండగా, మెక్సికో పీమాల్లో 6.9 శాతం మందికే ఉంది.

కుటుంబం పిల్లలకు జన్యువులతోపాటు వంటింటినీ వారసత్వంగా ఇస్తుందన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. పొద్దున ఇడ్లీ లేదా ఉప్మా, రెండు పూటలా పాలిష్ పట్టిన బియ్యపు అన్నం, దానిలో కలుపుకోవడానికి కాస్త కూర, పలచని చారు అన్నది ఎన్నో తెలుగు ఇళ్లలోని వరస. అందులో పిండిపదార్థాలు ఎక్కువై, మాంసకృత్తులూ పీచూ తక్కువవుతాయి. ఒక ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో తెలిపే కొలతను గ్లైసీమిక్ సూచిక అంటారు. రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా వంటి వరి రకాల్లో ఈ సూచిక తక్కువే అయినా, ఆ పేరుతో అన్నం ఎక్కువ తింటే ప్రయోజనం ఉండదు. అన్నం తగ్గించి, ఆ మేరకు పప్పు, కూరగాయలు, గుడ్డు లేదా చేప పెంచడం, అప్పుడప్పుడైనా జొన్నరొట్టెకు చోటివ్వడం ఇంటిల్లిపాదికీ మేలు చేసే మార్పు.

బరువు విషయంలో భారతీయులు మరింత జాగ్రత్తపడాలి. ఎత్తుకు తగిన బరువును తెలిపే బీఎంఐ 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్‌కూ లండన్ వైద్యుడు యుడ్కిన్‌కూ సరిగ్గా 22.3 ఉండగా, శరీరంలోని కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌లో 21.2 శాతం, యుడ్కిన్‌లో 9.1 శాతం ఉన్నట్టు తేలింది. సన్నగా కనిపించే దేహంలోనూ కొవ్వు పొట్టలో, కాలేయంలో పేరుకుని ఇన్సులిన్ నిరోధకతను పెంచగలదు కనుకనే భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా పరిగణిస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకూడదంటారు. ఈ కొవ్వు కరిగితే ఫలితం కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2017లో ప్రచురితమైన డైరెక్ట్ పరీక్షలో, మధుమేహం బయటపడి ఆరేళ్లు దాటనివారు వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గగా, ఏడాది తరువాత 46 శాతం మందిలో మందులు లేకుండానే చక్కెర మధుమేహ స్థాయికంటే తక్కువగా నిలిచింది.

చెన్నైలో డాక్టర్ మోహన్ బృందం 2005లో ప్రకటించిన భారతీయ మధుమేహ ముప్పు గణనలో మొత్తం 100 పాయింట్లకుగాను తల్లిదండ్రులిద్దరికీ వ్యాధి ఉన్నా పడేవి 20. వయసుకు గరిష్ఠంగా 30, నడుము చుట్టుకొలతకు 20, శ్రమలేని జీవితానికి 30. అంటే సగం పాయింట్లు మనిషి చేతిలోనే ఉన్నాయి. మధుమేహపు ముందుదశలో ఉన్నవారు తిండి, నడక సరిదిద్దుకోవడం వల్ల వ్యాధి ముప్పు అమెరికాలో 2002 నాటి పరీక్షలో 58 శాతం, భారత్‌లో 2006 నాటి పరీక్షలో 28.5 శాతం తగ్గింది.

కాబట్టి తల్లిదండ్రులకు మధుమేహం ఉన్నవారు దాన్ని దాచుకోకుండా వైద్యుడికి చెప్పి, ముప్పై ఏళ్లకైనా, బరువు ఎక్కువగా ఉంటే అంతకు ముందే పరీక్ష చేయించుకోవాలి. పరగడుపున చక్కెర 100 నుంచి 125 మిల్లీగ్రాముల మధ్య ఉంటే అది ముందుదశ. ఇంట్లో ఒకరికి వ్యాధి ఉందని తేలినప్పుడు వారికొక్కరికే వేరుగా వండడం కంటే, ఆ ఇంటి భోజనాన్నే అందరికీ కలిపి మార్చుకోవడం పిల్లలకు పెద్దలు ఇవ్వగల మంచి వారసత్వం.