‘సాక్’ అంటే ఎన్ని కిలోలు?

మా కామాటిపురా చాళ్లల్ల ఇంగ్లిష్ మాటలకు కొదవ లేదు. షిఫ్టు, లాకౌట్, బోనస్ – చదువు రానోళ్లు కూడా అనేటోళ్లు. ఇంగ్లిష్ జాతీయాలు మాత్రం వేరే సంగతి.

నేను ఏడో తరగతిలో ఉండగా ‘హీ గాట్ ద సాక్’ అని గట్టిగ చదివిన. సాక్ అంటే సంచి అని తాతకు చెప్పిన.

“ఎన్ని కిలోలది బిడ్డా?” అన్నడు. రేషన్ బియ్యం అనుకున్నడు.

పని పోవుడని చెప్పంగనే నవ్వు ఆగింది. 1982 సమ్మెల తాత మిల్లు పని పోయింది. ఆ తర్వాత నాకా మీద నిలబడ్డడు.

ఈ జాతీయానికి ఒక వివరణ చెప్తరు. వెనుకట ఐరోపాలో పనివాళ్లు తమ పనిముట్లు సంచిలో తెచ్చుకునేవారట. వద్దనుకుంటే యజమాని ఆ సంచి చేతికిచ్చి పంపేవాడట. ఫ్రెంచిలో కూడా ఇసొంటి మాటే ఉంది.

“గిది మా నాకా ముచ్చటే గదరా” అన్నడు తాత. నాకా అంటే కూలోళ్లు పొద్దుగాల పనికోసం నిలబడే కూడలి. తాపీ, సుత్తె సంచిల వేసుకొని పోతరు. ఎవరూ పిలవకుంటే అదే సంచితోని ఇంటికి. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిల కట్టుబడి పనులు చేసిన కామాటోళ్ల పేరే గదా మా పేటది!

మన మాటే మనకు తిరగబడ్డది ఇంకోటుంది: బదిలీ. తెలుగులో ఉద్యోగి చోటు మారుడు. ముంబై మిల్లుల్ల మాత్రం పర్మనెంట్ మనిషి రాని రోజు అతని జాగల దొరికే పని. తాత మొదట్ల అదే చేసిండు. “బదిలీ దొరికింది” అని ఊరికి ఉత్తరం రాయిస్తే, “ఏ ఊరికి?” అని నాయనమ్మ జవాబు రాయించిందట.