రేడియం పుస్తకం, ఒక నవల, ఒక రహస్య పేటెంటు

మొన్న ఆఫీసులో టీ తాగుతుంటే ఒక ఫ్రెండ్ అన్నాడు, "సైన్స్ ఫిక్షన్ అంటే ఏముందిరా, నోటికొచ్చింది రాసేయడమే కదా!" అని. వాడికి చెప్పిన కథే ఇవాళ మీకూ చెప్తాను.

1901లో కెనడాలోని మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్, ఫ్రెడరిక్ సాడీ కలిసి థోరియం మీద పని మొదలుపెట్టారు. అది దానంతటదే ఇంకో మూలకంగా మారిపోతోందని తేల్చారు. తర్వాత 1909లో సాడీ, మామూలు జనానికి అర్థమయ్యేలా రేడియం గురించి ఒక పుస్తకం రాశాడు. పరమాణువులో బోలెడంత శక్తి ఉంది, కానీ చాలా నింపాదిగా బయటికొస్తుంది అన్నది అందులో అసలు సంగతి. రేడియం సగానికి తగ్గాలంటేనే సుమారు 1600 ఏళ్లు పడుతుంది మరి!

ఆ పుస్తకం హెచ్.జి. వెల్స్ చేతిలో పడింది. అదే శక్తి గబగబా బయటికొస్తే ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్న మీదే 1914లో 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' నవల వచ్చింది. దాన్ని అంకితమిచ్చింది కూడా సాడీ పుస్తకానికే. అందులో విమానంలోంచి చేత్తో అణుబాంబులు విసురుతారు. అవి ఒక్కసారి పేలి ఊరుకోవు, రోజుల తరబడి పేలుతూనే ఉంటాయి. వాటిలో వాడిన పదార్థం హాఫ్ లైఫ్ 17 రోజులట. అసలు బాంబు అలా పనిచేయదు, వెల్స్ చెప్పింది తప్పే. కానీ నాకు ఈ తప్పంటేనే ఇష్టం. గాల్లోంచి పుట్టింది కాదు కదా, హాఫ్ లైఫ్ అనే నిజాన్ని పట్టుకుని సాగదీస్తే వచ్చింది.

ఇప్పుడు అసలు మలుపు. 1932లో లియో జిలార్డ్ అనే హంగేరీ శాస్త్రవేత్త ఈ నవల చదివాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో, అణుశక్తి మీద ఆశలు పెట్టుకోవడం దండగని రూథర్‌ఫర్డ్ అన్నట్టు లండన్ పేపర్లో వచ్చింది. అది జిలార్డ్‌కి మింగుడుపడలేదు. అదే ఆలోచిస్తూ రోడ్డు దాటుతుంటే ఐడియా తట్టింది: ఒక న్యూట్రాన్ తగిలితే రెండు బయటికొచ్చే మూలకం దొరికితే? రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. మా కోడింగ్ భాషలో, ఆగే కండిషన్ లేని రికర్షన్. లెక్కేసి చూశాను: 80 సార్లు రెట్టింపైతే చాలు, ఆ సంఖ్య దాదాపు అరకిలో యురేనియంలో ఉన్న పరమాణువులంత అవుతుంది.

1934లో పేటెంటుకి అప్లై చేశాడు. కానీ అది బయటపడితే ఏం జరుగుతుందో వెల్స్ నవల చదివిన మనిషికి తెలుసు. అందుకే ఆ పేటెంటుని రహస్యంగా ఉంచమని బ్రిటిష్ నౌకాదళానికి రాసిచ్చేశాడు. అంటే బాంబు ఎలా పేలుతుందో తప్పు రాసిన నవలే, పేలితే ఏమవుతుందో జిలార్డ్‌కి ముందే చూపించింది.

1945 ఆగస్టులో హిరోషిమా మీద బాంబు పడేనాటికి వెల్స్ ఇంకా బతికే ఉన్నాడు. అప్పటికి ఆయనకి 78 ఏళ్లు.

సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.