నెమ్మది కలిగితే ఊపిరి తెరుచుకున్నట్లేనా?

2023 జూన్ నెలలో, మృగశిర కార్తె వెళ్లిన ఆదివారము, మా మేడిపల్లి సంఘములో ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి తన కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చింది. ఆమె నాచారములో ఒక కుట్టు కంపెనీలో పనిచేస్తున్నది. పిల్లవానికి పదకొండేండ్లు. నాలుగేండ్ల ప్రాయమునుండి వానికి దమ్ము. చలికాలము వచ్చిందంటే రాత్రులు ఛాతీలో పిల్లికూతలు, తల్లికి నిద్ర లేని జాగరణలు.

"అయ్యగారూ, బాబుకు నాంపల్లిల చేప మందు ఏపిచ్చిన. తప్పయితదా?" అని ఆమె అడిగింది.

ఆ ప్రశ్న మీద మా సంఘములో రెండు వారములు చర్చ జరిగింది. పెద్దలలో ఒకరు, దానిని ప్రసాదమని చెప్పి పంచుతున్నారు గదా, విశ్వాసులు ఎట్లు పుచ్చుకోవచ్చునని అడిగారు. యౌవనస్థులేమో, పేరు ఏదైనా అది మందే, డబ్బు కూడ తీసుకోరు, అందులో దోషమేమున్నదని అన్నారు. మేమును మా వంతుగా, పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికలో విగ్రహములకు అర్పించిన వాటిని గూర్చిన అధ్యాయము తీసి ఒక శుక్రవారమంతా వివరించాము. బాగుగా చెప్పామని కొందరు మెచ్చుకున్నారు కూడ. ఇంతమందిమి ఇన్ని మాటలు మాట్లాడాము గాని, ఆ పిల్లవాడు తన ఇన్‌హేలర్ వాడుతున్నాడా లేదా అని ఒక్కరమైనా అడుగలేదు.

వాడుట లేదు. మందు వేయించిన తరువాత పిల్లవాడు హాయిగా నిద్రపోతున్నాడు, ఆటలాడుతున్నాడు. కాబట్టి జూలై నెలలోనే తల్లి దానిని అలమరలో పెట్టివేసింది. డిసెంబరులో ఒక రాత్రి రెండు గంటలకు మాకు ఫోను వచ్చింది. మేము వెళ్లేసరికి పిల్లవాడు మంచము మీద ముందుకు వంగి కూర్చొని, మాట ఒక్కటొక్కటిగా పలుకుతున్నాడు. పెదవులు నల్లబడుతున్నవి. ఉప్పల్–నారపల్లి వంతెన పనులతో గుంతలు పడిన ఆ దారిలో ఆటో ప్రయాణము ఎంత పొడుగైనదో ఇప్పటికిని మరచిపోలేము. ఆస్పత్రిలో ముఖానికి మాస్కు తగిలించి మందు ఆవిరి పట్టారు, ఆక్సిజన్ పెట్టారు. తెల్లవారేసరికి పిల్లవాడు తేరుకున్నాడు.

వారము తరువాత డాక్టరుగారు వానిచేత పీక్ ఫ్లో మీటరు అనే చిన్న గొట్టములో ఊదించారు. ఎంత బలముగా గాలి బయటికి వస్తున్నదో దాని మీది ముల్లు చూపిస్తుంది. "ఎట్లున్నది నాయనా?" అని అడిగితే పిల్లవాడు, "మంచిగనే ఉన్నది సార్" అన్నాడు. ముల్లు మాత్రము, వాని ఎత్తుకు రావలసిన అంకెలో సగము దగ్గరనే ఆగిపోయింది.

పిల్లవాడు అబద్ధము చెప్పలేదు. వానికి నిజముగానే మంచిగా అనిపించింది. ముల్లు కూడ అబద్ధము చెప్పలేదు. ఈ రెండును ఒకేసారి నిజమెట్లయినవో తెలుసుకోవలెనని, ఆ దినమునుండి తెలిసిన డాక్టర్లను అడుగుతూ, దొరికినవి చదువుతూ వచ్చాము. అవి మన కుటుంబములకు పనికివచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

చేప మందు సంగతి తెలియని తెలుగువారు అరుదు. పాతబస్తీ దూద్‌బౌలిలోని బత్తిని గౌడ్ కుటుంబమువారు తరతరములుగా దీనిని పంచుతున్నారు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడైన వీరన్న గౌడ్‌కు ఈ రహస్యము చెప్పి, డబ్బు తీసుకోకుండా పంచవలెనని మాట తీసుకున్నాడని వారు చెబుతారు. రెండు మూడు అంగుళముల కొర్రమీను పిల్లను తీసుకొని, దాని నోటిలో పసుపుపచ్చని ముద్ద పెట్టి, బ్రతికియుండగానే రోగి గొంతులోనికి జారవిడుస్తారు. చేప తిననివారికి బెల్లములో పెట్టి ఇస్తారు. తరువాత 45 దినములు పథ్యము. ఆలాగు వరుసగా మూడేండ్లు. హేతువాదులు, జన విజ్ఞాన వేదికవారు కోర్టుకు వెళ్లిన తరువాత దీనిని మందు అనుట మాని ప్రసాదము అంటున్నారు. కరోనా వలన 2020 నుండి మూడేండ్లు ఆగిపోయి, 2023లో మరల నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానములో మొదలైంది. ఉబ్బసము దీనివలన నయమగునని పరిశోధనలో రుజువు కాలేదు. అయినను దేశము నలుమూలలనుండి వేలాదిమంది వస్తారు, వారిలో అనేకులు తగ్గిందనే చెబుతారు. ఉచితముగా పెట్టే చేతిని నిందించుట మా ఉద్దేశము కాదు. తగ్గింది అనే ఆ మాటకు అర్థమేమిటో మాకు కావలెను.

దీనికి దగ్గరి జవాబు అమెరికాలోని బోస్టన్ నగరములో దొరికింది. అక్కడి డాక్టర్లు ఉబ్బసము రోగుల మీద చేసిన ఒక పరీక్షను 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. 39 మంది ఆ పరీక్షను చివరివరకు పూర్తిచేశారు. ప్రతి రోగికి వేరువేరు దినములలో నాలుగు విధములుగా చేశారు. ఒక దినము నిజమైన సాల్బుటమాల్ ఇన్‌హేలర్, అనగా మన ఇండ్లలో ఆయాసము వచ్చినప్పుడు పీల్చే మందు. ఒక దినము చూచుటకు అట్లే ఉండి లోపల మందు లేని ఇన్‌హేలర్. ఒక దినము గుచ్చినట్లు నటించే సూదుల వైద్యము. ఒక దినము ఏమియు ఇవ్వక ఊరక కూర్చుండబెట్టారు.

ఎంత మేలనిపించిందని అడిగినప్పుడు, నిజమైన మందుకు 50 శాతము మేలు చెప్పారు. ఉత్త ఇన్‌హేలరుకు 45 శాతము, ఉత్త సూదులకు 46 శాతము చెప్పారు. ఊరక కూర్చున్న దినమున కూడ 21 శాతము మేలనిపించింది, ఎందుకనగా ఆయాసము దానంతట అదియే కొంత తగ్గుతూ హెచ్చుతూ ఉంటుంది. నోటిమాటను బట్టి చూస్తే మందుకును ఉత్త గాలికిని తేడా లేనట్లే. అటు తరువాత గొట్టములో ఊదించి కొలిచారు. నిజమైన మందు పీల్చిన దినమున ఊపిరి 20 శాతము పెరిగింది. తక్కిన మూడు దినములలో ఇంచుమించు 7 శాతమే, అనగా ఉత్త ఇన్‌హేలరును ఏమియు ఇవ్వకపోవుటయు ఒకటే అయినవి.

నాంపల్లినుండి తిరిగివచ్చిన మా పిల్లవాని సంగతి అచ్చముగా ఇదే. రాత్రంతా వరుసలో నిలిచిన తల్లి ఆశ, వేలాదిమంది నమ్మకము, గొంతులో కదలుచు దిగిన చేప, ఆ మీదట 45 దినముల పథ్యము ఇవన్నియు కలిసి వాని మనస్సునుండి భయము తీసివేసినవి. ఛాతీ తేలికైనట్లు అనిపించింది. లోపల శ్వాసనాళముల గోడలు మాత్రము వాచియే ఉన్నవి. ఆ వాపును దినదినము అణచియుంచే ఇన్‌హేలర్ అలమరలో ఉన్నది.

అనిపించుట అంటే ఉత్త భ్రమ అని తోసివేయుట కూడ తగదు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పండ్లు తీయించుకున్నవారి మీద ముగ్గురు పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. ఉత్త మందు ఇచ్చినప్పటికి కొందరికి నొప్పి తగ్గింది. ఆ తగ్గినవారికి నల్లమందు జాతి మందుల పనిని అడ్డుకొనే మరియొక మందు ఎక్కించగా నొప్పి మరల హెచ్చింది. ఉపశమనము కలుగునని ఎదురుచూచినప్పుడు మన దేహమే తనలోని నొప్పి మందును విడుదల చేస్తున్నదని దీనివలన తెలిసింది. నొప్పి, అలసట, వికారము వంటి వాటి విషయములో ఈ శక్తి గొప్పదే. మన ఊళ్లలో మాత్ర కంటె సూదికి, సూది కంటె సెలైన్ సీసాకు మేలు ఎక్కువగా కనబడుటకు ఒక కారణము ఇదే.

సెలైన్ అనగా ఉప్పునీరే గదా. ఆ ఉప్పునీటితోనే 1968లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో లుపరెల్లో అనే డాక్టరు, ఆయన తోటివారు మరియొక సంగతి కనుగొన్నారు. 40 మంది ఉబ్బసము రోగులచేత ఉప్పునీటి ఆవిరి పీల్పించి, ఇది నీకు పడని దుమ్మో పుప్పొడియో అని చెప్పారు. 19 మందికి శ్వాసనాళములు ముడుచుకున్నట్లు యంత్రములోనే కనబడింది. వారిలో 12 మందికి పిల్లికూతలతో నిజమైన ఆయాసము వచ్చింది. తరువాత అదే ఉప్పునీటిని ఇది మందు అని చెప్పి పీల్పిస్తే ఆ ఆయాసము దిగిపోయింది.

ఇది బోస్టన్ పరీక్షకు ఎదురుగా ఉన్నదే అని పాఠకులు అడుగవచ్చును. మేమును అడిగాము. డాక్టరుగారు చెప్పినదేమనగా, భయము నరము ద్వారా నాళముల కండరమును బిగించగలదు. మాట బిగించిన దానిని మాట వదలించగలదు. గోడ లోపలి వాపు అటువంటిది కాదు, దానిని మాట కరిగించలేదు. ఏ ఆయాసములో ఎంత పాలు బిగువో, ఎంత పాలు వాపో బయటినుండి చూచి చెప్పుట మావంటివారి వలన కాదు.

లాటిన్ భాషలో మేలు మాటను ప్లాసిబో అన్నారు. ఆ పదము వైద్యులలోనికి వచ్చినది మన కీర్తనల గ్రంథమునుండియే. 116వ కీర్తన 9వ వచనము హెబ్రీలో దేవుని సన్నిధిని నడచుటను గూర్చినది. లాటిన్ అనువాదములో అది 'సంతోషపెట్టుదును' అనే అర్థముగల ప్లాసిబో అనే మాటతో మొదలైంది. మధ్యయుగములలో చనిపోయినవారి కొరకైన ప్రార్థనలో దీనిని పాడేవారు. కూలికి వచ్చి ఏడ్చుచు పాడేవారును ఉండేవారట. అందువలన ఆ మాటకు ముఖప్రీతి అనే అర్థము పట్టింది, 18వ శతాబ్దములో వైద్యుల నిఘంటువులకెక్కింది. కీడు కలుగునని ఎదురుచూచుట వలన కలిగే కీడుకు నోసిబో అని 1961లో పేరు పెట్టారు. అనగా హాని చేయుదును అని అర్థము.

ఈ రెండవది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మెదక్ జిల్లా పల్లెలలో బాణామతి భయము ఎంత పనిచేసిందో పెద్దవారికి జ్ఞాపకమే. ఫలానావారు చేశారని వినగానే ఒంటినొప్పులు, వణుకు, మూర్ఛలు. అనుమానము పడినవారి పండ్లు ఊడగొట్టిన దౌర్జన్యములు కూడ జరిగినవి. బాధ నిజమే, కారణమే కల్పితము. ఇక్కడ మమ్మును మేము తప్పించుకోలేము. మావంటి బోధకులలో కొందరు వేదిక మీదనుండి, నీ ఇంటి మీద చేతబడి ఉన్నది, నీ కడుపులో ఏదో ఉన్నది అని చెబుతుంటారు. ఆ రాత్రినుండి ఆ ఇంటిలో ఎవరికి ఏ నొప్పి వచ్చినను దానికి ఆ మాటే కారణమవుతుంది. మేము కూడ సంవత్సరముల క్రితము ఒక వృద్ధురాలితో, నీ మోకాళ్లకు ఇక ఇంతేనమ్మా అని ఊరట చెబుతున్నామనుకొని అన్నాము. ఆమె ఆ తరువాత మందిరము మెట్లెక్కుట మానివేసింది.

కొలెస్ట్రాల్ మాత్రల విషయము మన వృద్ధులకు పనికివచ్చును. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీవారు, స్టాటిన్ మాత్ర పడలేదని మానివేసిన 60 మందికి ఏడాది పాటు నెలకొక సీసా ఇచ్చారు. కొన్నింటిలో నిజమైన మాత్రలు, కొన్నింటిలో ఉత్తవి, కొన్ని నెలలు ఏమియు లేవు. 2020లో తేలినదేమనగా, నిజమైన మాత్రల వలన కలిగిన బాధలో 90 శాతము ఉత్త మాత్రలతో కూడ కలిగింది. ఫలితము చూపించిన తరువాత వారిలో సగముమంది మరల మందు మొదలుపెట్టారు. పడుట లేదు అనేవారందరిది ఊహే అని దీని భావము కాదు. నిజముగా పడనివారు ఉంటారు. మీ అంతట మీరు మానక డాక్టరుకు చెప్పండి.

ఆ సహోదరి 2024 మృగశిరకు ముందు మరల వచ్చింది. "మూడేండ్లు ఏపియ్యాలంటరు గద అయ్యగారూ, నడుమ ఇడిస్తే ఎట్ల?" అని అడిగింది. పొమ్మనలేదు, వద్దనలేదు. ప్రసాదము సంగతి ఎత్తలేదు. పొద్దున ఊదితే ఎంత వచ్చిందని అడిగాము. ఆమె సంచిలోనుండి పాత క్యాలెండరు కాగితము తీసింది. తేదీల గళ్లలో పిల్లవాని చేతివ్రాతతో అంకెలు ఉన్నవి. 290 వరకు రావలెనని డాక్టరుగారు చెప్పారట. ఆ ఉదయము 270 వచ్చింది. రెండు గళ్లు ఖాళీగా ఉన్నవేమని అడిగితే, పిల్లవాడు తల వంచుకొని, క్రికెట్‌కు పోయి మరచిపోయినానని చెప్పాడు.