బొమ్మల కొలువులో అగ్నిమాపక కేంద్రము

బొమ్మల కొలువు మన గోదావరి సీమ గృహిణులకు క్రొత్తది కాదు. కొందఱు దసరాకును, కొందఱు సంక్రాంతికిని మెట్లు కట్టి, బొమ్మలు తీర్చి, పేరంటాండ్రను పిలిచి పసుపు కుంకుమ లిత్తురు. మెట్లపై దేవతామూర్తులును, కొండపల్లి దశావతారములును, ఏటికొప్పాక లక్కపిడతలును వెలయుచుండ, మెట్ల క్రింది నేల పిల్లల రాజ్యమై యుండును. అచ్చట ఒక పల్లె, ఒక సంత, వాని చుట్టును తిరుగు ఒక రైలు లేనిచో పిల్లల కండ్లకు అది కొలువే కాదు. ఈ మాఱు ఆ రైలు ప్రక్క ఒక అగ్నిమాపక కేంద్రమును గూడ నిలుపుడని సోదరీమణులకు మేము సూచించుచున్నాము. అది కంటికి ముచ్చట. సరిగా కట్టినచో ఇంటిల్లిపాదికి పాఠము.

సరిగా కట్టుట యనగా అట్టపెట్టెకు ఎఱ్ఱరంగు పూయుట కాదు. మూడు ప్రశ్నలకు ఆ బొమ్మ సమాధానము చెప్పవలెను. గంట మ్రోగినంతనే బండి అడ్డములేక బయటికి రాగలదా? దానికి నీరెచ్చట దొరకును? తగులబడుచున్న యింటిదాక అది పోగలదా? ఈ మూడును కుదిరినదే నిజమైన కేంద్రమును పోలిన బొమ్మ.

కొలత

ఇట్టి పనిలో మొదటి మర్మము కొలత. విద్యుత్తుతో నడచు బొమ్మ రైళ్లలో మిక్కిలి వ్యాప్తిలో నున్నవి అసలు రైలులో 87వ వంతుండును. ఈ లెక్కను అయిదున్నర అడుగుల మనుష్యుడు 2 సెంటీమీటర్లకు రవంత తక్కువగును. 23½ మీటర్ల రైలుపెట్టె 27 సెంటీమీటర్లును, 7, 8 మీటర్ల అగ్నిమాపక శకటము 8, 9 సెంటీమీటర్లును అగును. ఇంట కొయ్య రైలు మాత్రమే యున్నచో దాని పెట్టె తలుపునే కొలబద్దగా గైకొనుడు. కేంద్రపు ద్వారము ఆ తలుపునకు రమారమి రెట్టింపు ఎత్తుండవలెను. మనుష్యుని కంటె చిన్నదైన బండియు, బండి దూరలేని ద్వారమును ఎంత చక్కగా రంగు వేసినను నవ్వులపాలగును.

రాజమహేంద్రవరపు పిల్లలు గోదావరి వంతెన కావలెనని పట్టుపట్టుట సహజము. 1900లో తెఱవబడి 1997 వఱకు రైళ్లను మోసిన హేవలాకు వంతెన మాట అటుండ, దాని తరువాత వచ్చిన కమానుల వంతెన సుమారు 2¾ కిలోమీటర్ల పొడవు. దానిని 87వ వంతున కట్టినను 31 మీటర్లు దాటును! అంత వసారా ఎవరి యింట గలదు? కాని దాని 28 కమానులలో ఒక్కదానిని కట్టినచో 112 సెంటీమీటర్లతో ముగియును. ఆ యొక్కదానిని చూచినవారు తక్కినవానిని మనస్సులోనే కట్టుకొందురు. కేంద్రము విషయమునను ఇదే న్యాయము. ఊరంతయు అక్కఱలేదు; కేంద్రము, బాట, కాలువ, నాలుగు ఇండ్లు చాలును.

భవనము

చెప్పుల పెట్టె అట్ట దీనికి బహు శ్రేష్ఠము. పై లెక్కను 4½ సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల రెండు ద్వారములు బాటవైపు కోయుడు. వాని ముందు గరుకు కాగితము పఱచినచో సిమెంటు ముంగిలి వలె నగపడును. శకటముల ముఖము బయటికే యుండవలెను. పిలుపు వచ్చినపుడు వెనుకకు మళ్లించుకొను వ్యవధి యుండదు గదా! ప్రక్కనే టెలిఫోను గది. అచ్చట రాత్రింబవళ్లు ఒకరు మేలుకొని యుందురు. తడిసిన గొట్టములను వ్రేలాడదీసి ఆరబెట్టుటకును, నిచ్చెనలెక్కు సాధనకును కొన్ని కేంద్రములలో ఎత్తైన బురుజుండును. దానిని 15 సెంటీమీటర్ల ఎత్తున నిలిపినచో దూరమునకే ఇది ఏ భవనమో తెలిసిపోవును.

నీటి గొట్టములకు దళసరి నూలుదారము చుట్టలు, నిచ్చెనలకు చీపురుపుల్లలు, కాలువనీరు పీల్చు గొట్టమునకు సైకిలు వాల్వుట్యూబు ముక్క సరిపోవును. గోడకు ఎఱ్ఱని ఇసుక బాల్చీలు నాలుగు తగిలింపుడు. ఖాళీ అగ్గిపెట్టెలు సిబ్బంది గదులగును. నిప్పుపెట్టెలే నిప్పార్పువారి యిల్లగుట పిల్లలకు నవ్వు పుట్టించును. పుల్లలు మాత్రము పెద్దల వశమందుండవలెను. కడపట ముంగిట నూనె మరకయు, చక్రముల చారలును, వెనుక ఒక బట్టల దండెమును చేర్చుడు. మనుష్యులు మసలు చోటని చూపఱకు తోచును.

చోటు

అన్నిటికంటె ముఖ్యమైనది కేంద్రమును నిలుపు చోటు. పిల్లలు దానిని రైలుపట్టాలకు ఒకవైపునను, పూరిండ్లను రెండవవైపునను పెట్టి నడుమ రైలు గేటు నిలుపుదురు. అప్పుడు, "గేటు పడినది, రైలు వచ్చుచున్నది, ఆవల ఇల్లు తగులబడుచున్నది, బండి ఎట్లు పోవును?" అని వారినడుగుడు. కొంతసేపు ఆలోచించి ఒకరు కేంద్రమును ఆవలికి జరుపుదురు. ఒకరు పట్టాలపై వంతెన కట్టుదురు. పట్టణములు కట్టు ఇంజనీర్లకు వచ్చు చిక్కే మన వసారాలో ఆటగా పరిష్కార మగును.

తరువాతిది నీరు. ఒక శకటము సాధారణముగా నాలుగైదు వేల లీటర్ల నీరు మోయును. పెద్ద మంటమీద అది కొలది నిమిషములకే చెల్లిపోవును. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పుణ్యమున మన సీమలో కాలువకు కొదవలేదు. కావున నీలి కాగితముపై గాజుపలక వేసి కాలువ నేర్పఱచి, దాని గట్టుదాక బండి పోవు బాట వేయుడు. గట్టుకావల వారము ముందుగా చల్లిన ఆవాల మొలకలు పచ్చని వరిచేలగును.

మూడవది వీధి. ఎండుటాకులతో కప్పిన ఇండ్లు ఒకదాని నొకటి ఒరసికొనియుండగా, వేసవి పడమటి గాలికి ఒక్క నిప్పురవ్వ వాడనంతయు బూడిద చేయును. బొమ్మ బండిని ఆ సందులో నడిపి చూడుడు. గడ్డిమేటు అడ్డమైనచో మేటు జరుపుడు. మన వీధిలోను అట్టి మేటులు, అడ్డముగా నిలిపిన బండ్లు ఎన్ని గలవో పిల్లలే లెక్కింతురు.

మనుష్యులు

బొమ్మ సిబ్బందిని వరుసగా నిలుపుటకంటె పనిలో నిలుపుట మేలు. ఒకడు గొట్టము విప్పుచుండ, ఒకడు నిచ్చెన మోయుచుండ, ఒకడు గుమిగూడిన జనమును వెనుకకు పంపుచుండవలెను. వారి కథయు చెప్పుడు. 1944 ఏప్రిలు 14న బొంబాయి రేవులో ఫోర్టు స్టికిను అను ఓడ ప్రేలినపుడు, మంటలార్పబోయిన సిబ్బందిలో 66 మంది ప్రాణములర్పించిరి. వారి స్మృతికై ఏటేట ఏప్రిలు 14 మొదలు 20 వఱకు దేశమంతట అగ్నిమాపక వారోత్సవములు జరుగును. మన కోనసీమయు అగ్ని నెఱుగనిది కాదు. 1995లో పాసర్లపూడి చమురుబావి మంట 65 దినములు మండెను. 2014 జూన్ 27న నగరము గ్రామమున గొట్టమునుండి వెలువడిన వాయువంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి.

కొలువునకు రక్ష

ఇంత కట్టి, అసలు కొలువును మఱవరాదు. కాగితము, ప్రత్తి, తాటాకు, పట్టుగుడ్డ కూడినచోటనే మనము దీపము పెట్టి కర్పూరహారతి యిత్తుము. దీపమును బొమ్మలకు దూరముగా పళ్లెములో నుంచుడు. హారతివేళ పమిటచెంగు దోపుకొనుడు. ఒక బాల్చీ నీరు, ఒక బాల్చీ ఇసుక దగ్గఱ నుంచుడు. విద్యుద్దీపములను రాత్రి నిద్రకు ముందు ఆర్పివేయుడు.

పిల్లలచేత నాలుగు మాటలు వల్లె వేయింపుడు. బట్టలంటుకొన్నచో పరుగెత్తక, నిలిచి, నేలపై పడి, దొర్లవలెను. కాలిన చోట ఇరువది నిమిషములు చల్లని నీరు పోయవలెనే గాని సిరా, పిండి పూయరాదు. బాణలిలో నూనె మండినచో నీరు చల్లక, పొయ్యి ఆర్పి మూతపెట్టవలెను. గ్యాసు వాసన వచ్చినచో విద్యుత్తు మీట తాకక, సిలిండరు కట్టి, తలుపులు తెఱవవలెను. పిమ్మట 101కి ఫోను చేసి, ఊరు, వీధి, దగ్గఱి గుడియో లాకులో నిదానముగా చెప్పవలెను.

కొలువు మూడు దినములకో, తొమ్మిది దినములకో ముగియును. బొమ్మలు మరల పెట్టెలలోనికి పోవును. ఆ చిన్న ఎఱ్ఱబండికి దారి విడిచిన బిడ్డ, పెద్దయైన పిదప నిజమైన బండికి దారి విడువక మానడు. ఇంతకంటె కొలువునకు ఫలమేమి కావలెను?