మన వోటు – వారి లెక్క

వోటు హక్కు లభించినచో సర్వము లభించినట్లే యని మనలో పెక్కురు తలంతురు. పోలింగు నాడు పిల్లలను పొరుగింటివారి కప్పగించి, ఎండలో బారు తీరి నిలిచి, వ్రేలికి సిరా గుర్తు వేయించుకొని వచ్చు గృహిణికి, ఆ వోటు నే రీతిని లెక్కింతురో విచారించు తీరిక యెక్కడిది? కాని సోదరీమణులారా, కిటుకంతయు నా లెక్కలోనే యున్నది. ఇందుకు న్యూజీలాండు చరిత్ర మంచి నిదర్శనము.

స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో వోటు నొసంగిన మొదటి స్వపరిపాలక దేశమది. కేట్ షెప్పర్డు మొదలగు వనితలు 30,000కు పైగా సంతకములు సేకరించి 1893లో ఆ హక్కును సాధించిరి. అట్టి దేశమునను చిరకాలము మన లోక్‌సభ యెన్నికల పద్ధతియే యుండెను. నియోజకవర్గమున నెవరి కెక్కువ వోట్లు వచ్చునో వారే గెలుతురు; సగము దాటవలెనను నియమము లేదు. పదిమందిలో నలుగు రొకరిని, ముగ్గురు మరియొకరిని, తక్కిన ముగ్గురు వేరొకరిని కోరినచో నలుగురి మాటయే చెల్లును. ఆర్గురి మాట గాలికి పోవును.

1978లో అచ్చటి లేబరు పక్షమునకు నూటికి 40.4, నేషనలు పక్షమునకు 39.8 వంతున వోట్లు వచ్చినవి. స్థానములో? నేషనలు వారికి 51, లేబరు వారికి 40! 1981లోను తక్కువ వోట్లు వచ్చిన నేషనలు వారే గెలిచిరి. ఆ యేడు సోషల్ క్రెడిట్ అను మూడవ పక్షమునకు నూటికి 20కి మించి వోట్లు పడియు, 92 స్థానములలో దక్కినవి రెండే. ఇది దూరదేశపు వింత యనుకొనరాదు. 2014లో మన బహుజన సమాజ్ పక్షమునకు దేశమంతట నూటికి 4కు మించి వోట్లు పడినను లోక్‌సభలో నొక్క స్థానమైనను రాలేదు.

1993లో న్యూజీలాండు ప్రజలు జర్మనీ తరహా పద్ధతిని కోరుకొనిరి. ప్రతివారికి రెండు వోట్లు: ఒకటి ప్రాంతీయాభ్యర్థికి, రెండవది పక్షమునకు. పక్షపు వోట్లను బట్టియే మొత్తము స్థానముల పంపకము. పక్షములు ముందుగా ప్రకటించు జాబితాలలో స్త్రీల పేర్లును చేరినవి. 1993లో నూటికి 21గా నున్న స్త్రీ సభ్యులు 1996లో 29 అయిరి. అయితే జాబితాలో నెవరు ముందో నిర్ణయించునది పక్షమే గాని వోటరు గాదు. ప్రాంతమున నోడినవారు జాబితా ద్వారా దొడ్డిదారిని సభకు వచ్చుటయు కలదు.

అంతకన్న పెద్ద చిక్కు 1996 అక్టోబరులోనే బయటపడెను. 120 స్థానములలో నేషనలు వారికి 44, లేబరు వారికి 37. నూటికి 13 వోట్లు, 17 స్థానములు గల విన్‌స్టన్ పీటర్సు పక్షము ఇరువురితోడను బేరములాడుచు రెండు నెలలు గడిపి, తుదకు తాము నిన్నటిదాక దూషించిన నేషనలు వారితోనే చేరెను. ఆ వోటర్లలో నెందరు నొచ్చుకొనిరో! 1998లో ఆ పొత్తును విడిపోయెను.

అయినను, ఇరువది వంతుల వోట్లకు రెండు స్థానములు దక్కుటకన్న రెండు నెలల నిరీక్షణయే మేలని నాకు తోచును. 2011లో మరల నడుగగా, అచ్చటి వోటర్లలో నూటికి 57కు పైగా క్రొత్త పద్ధతినే యుంచుడనిరి.