వేవిళ్లే కదా అని వదిలేయొద్దు

‘మాకు రాలేదా వేవిళ్లు? మేం కనలేదా పిల్లల్ని?’ నీరసించిపోయిన కోడల్ని మా ఓపీకి తీసుకొచ్చే పెద్దవాళ్ల నోట తరచూ వినపడే మాట ఇది. ఒక రకంగా నిజమే. గర్భిణుల్లో నూటికి డెబ్భై మందికి పైగా ఎంతోకొంత వికారం ఉంటుంది. నెల తప్పిన రెండు వారాలకు అటూ ఇటూగా మొదలై, తొమ్మిది, పది వారాలప్పుడు బాగా ఎక్కువై, నాలుగో నెలలో పడేసరికి చాలామందికి తగ్గిపోతుంది. పొద్దున పూటే వస్తుందనేమీ లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి బస్సులో వచ్చేటప్పుడు పట్టుకునేవాళ్లే ఎక్కువ మంది కనిపిస్తారు నాకు.

ఇది గారాబమూ కాదు, మనసు బలహీనతా కాదు. మాయ నుంచి విడుదలయ్యే జీడీఎఫ్-15 అనే హార్మోను దీనికి ముఖ్య కారణమని 2023లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. గర్భానికి ముందు ఒంట్లో ఆ హార్మోను తక్కువగా ఉన్నవాళ్లకు, అది ఒక్కసారిగా పెరిగినప్పుడు బాధ ఎక్కువ. అందుకే ఒకే ఇంట్లో అక్కకు ఏమీ ఉండదు, చెల్లెలు మంచం దిగలేదు.

ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. తలగడ పక్కనే మరమరాలో, బిస్కెట్లో పెట్టుకుని, లేవకముందే నాలుగు నోట్లో వేసుకోవాలి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం... ఇడ్లీ, పెరుగన్నం, అటుకులు, ఏది సయిస్తే అది. నీళ్లు అన్నంతోపాటు కాకుండా మధ్యమధ్యలో గుక్కగుక్కగా తాగాలి. అల్లం కొందరికి పనిచేస్తుంది. తాలింపు వాసన పడకపోతే ఆ మూడు నెలలు వంట భర్త చేయొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. ‘ఇద్దరికి సరిపడా తిను’ అని బలవంతం చేయకండి. మూడో నెల చివరికి కూడా బిడ్డ చాలా చిన్నగానే ఉంటుంది, ఆ కొద్దిరోజులు తిండి తగ్గినంత మాత్రాన దానికేమీ కాదు. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపొద్దు. ఐరన్ మాత్రలు మామూలుగా నాలుగో నెల నుంచే ఇస్తాం. ముందే మొదలుపెట్టి వికారం పెరిగితే డాక్టరుకు చెప్పండి.

ఇవేవీ పనిచేయకపోతే మందులున్నాయి. డాక్సిలమైన్, పిరిడాక్సిన్ కలిసిన మాత్ర ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. అమెరికాలో కోర్టు కేసుల దెబ్బకు కంపెనీ 1983లో దాన్ని ఆపేసింది. బిడ్డకు హాని చేస్తుందన్న ఆరోపణ పరిశోధనల్లో నిలబడలేదు. 2013లో అక్కడి ఎఫ్‌డీఏ మళ్లీ అనుమతిచ్చింది. మత్తుగా ఉంటుంది కాబట్టి ముందు రాత్రి పూటే మొదలుపెడతాం. సొంతంగా కొనొద్దు, రాసిచ్చాక భయపడి మానేయొద్దు.

నన్ను కలవరపెట్టేది ఇంకోటి. రోజంతా ఏదీ కడుపులో నిలవకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం లేదా ముదురు రంగులో రావడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతిలో రక్తం, జ్వరం, కడుపునొప్పి, గర్భానికి ముందున్న బరువులో నూటికి ఐదు వంతులకు మించి తగ్గడం (యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గినట్టు)... వీటిలో ఏ ఒక్కటున్నా అది మామూలు వేవిళ్లు కాదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. కవలలా, ముత్యాల గర్భమా అని స్కానింగ్‌లో చూస్తాం. సోడియం, పొటాషియం పరీక్ష చేస్తాం.

దగ్గర్లో ఎవరితోనో ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించి సరిపెట్టేస్తుంటారు చాలామంది. వారాల తరబడి వాంతులతో ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటిపోతుంది. అప్పుడు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. ఆ నష్టం కొన్నిసార్లు తిరిగి పూడదు. అందుకే ముందు థయమిన్ ఇచ్చి, సెలైన్, అవసరమైతే పొటాషియం కలిపి ఎక్కిస్తాం. ‘గ్లూకోజుకు ముందు బి1 ఇచ్చారా?’ అని మీరు అడిగినా తప్పులేదు.

ఇంటికి పంపిన వారానికే మళ్లీ చేరాల్సి రావడం మామూలే, కంగారు పడకండి. మొదటి కాన్పులో ఇంత తీవ్రంగా ఉంటే రెండోసారీ వచ్చే అవకాశం ఎక్కువ. నెల తప్పిందని తెలిసిన వారంలోనే డాక్టరుకు ఆ సంగతి చెప్తే, వాంతులు ముదరకముందే మందు మొదలుపెట్టే వీలుంటుంది.